పుట్టింటికి తొలి కారు ప్రయాణం

వేసవి సెలవులొస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వెళ్లడం మనకి కొత్తేం కాదు. 1888 ఆగస్టు తొలి రోజుల్లో జర్మనీలో ఓ తల్లి కూడా అలాగే బయల్దేరింది. ఇద్దరు మగపిల్లలు, బడికి సెలవులు, వెళ్లేది అమ్మమ్మ ఊరికి. అయితే ఆవిడ ఎక్కింది రైలూ కాదు, గుర్రబ్బండీ కాదు... కారు! అప్పటికి కార్లంటే మాన్‌హైమ్ వీధుల్లో కాస్త దూరం పోయి, ఆగిపోతే తోసుకుంటూ వెనక్కి తెచ్చుకునే వింత బళ్లు. అలాంటి దాంట్లో నూరు కిలోమీటర్లకు పైగా వెళ్లొచ్చని ఎవరూ అనుకోలేదు. దాన్ని తయారుచేసిన ఆవిడ భర్త కూడా అనుకోలేదు. అందుకే ఆయనకి చెప్పకుండా బయల్దేరింది.

ఆవిడ పేరు బెర్తా బెంజ్. బెంజి కారు తెలియనివాళ్లు మనలో ఉండరు గానీ ఈ బెర్తా ఎవరో ఎంతమందికి తెలుసు?

నగల ఊరి అమ్మాయి

బెర్తా పుట్టింటి పేరు రింగర్. 1849 మే 3న ఫోర్జ్‌హైమ్‌లో పుట్టింది. నైరుతి జర్మనీలో అప్పట్లో బాడెన్ అనే చిన్న రాజ్యం ఉండేది, ఆ రాజ్యంలోని ఊరిది. బంగారు నగల తయారీకి పెట్టింది పేరు. తండ్రి వడ్రంగం నుంచి పైకొచ్చి ఇళ్లు కట్టించే పనిలో బాగా సంపాదించాడు. ఇంట్లో లోటేమీ లేదు. కానీ బెర్తా పుట్టినప్పుడు, ఈసారీ ఆడపిల్లే అయిందే అని తండ్రి ఇంటి బైబిల్లో రాసుకున్నాడని, కాస్త పెద్దయ్యాక ఆ పిల్ల దాన్ని చదివిందని చెబుతారు. దేశమేదైనా కొన్ని నిట్టూర్పులు ఒకలాగే ఉంటాయి కాబోలు!

ఆడపిల్లల బడిలో చదువుకుంది. యంత్రాలంటే ఆసక్తి. కానీ ఆ రోజుల్లో ఆడవాళ్లకి ఇంజనీరింగ్ చదువు మాటే లేదు. బాడెన్ రాజ్యంలో అమ్మాయిల్ని విశ్వవిద్యాలయాల్లో అబ్బాయిలతో సమానంగా చేర్చుకోవడం మొదలైంది 1900లో. అప్పటికి బెర్తాకి యాభై ఏళ్లు దాటాయి.

1869లో ఓ విహారయాత్రలో ఆమెకి కార్ల్ బెంజ్ పరిచయమయ్యాడు. తండ్రి రైలింజను డ్రైవరు, కొడుకు పసివాడుగా ఉన్నప్పుడే పోయాడు. తల్లి నానా కష్టాలూ పడి అతన్ని కార్ల్స్‌రూహె పాలిటెక్నిక్‌లో చదివించింది. చేతిలో చదువు తప్ప చిల్లిగవ్వ లేదు. గుర్రం లేకుండా దానంతటదే నడిచే బండి చేయాలన్న ఆలోచన మాత్రం బుర్రనిండా ఉంది. పెళ్లీడుకొచ్చిన అమ్మాయి దగ్గర ఇంజన్ల గురించి మాట్లాడే కుర్రాడు మామూలుగా అయితే నెగ్గుకు రాడు. ఇక్కడ మాత్రం ఆ మాటలే కలిపాయి.

కట్నం డబ్బు వర్క్‌షాపులోకి

1871లో కార్ల్ మాన్‌హైమ్‌లో ఆగుస్ట్ రిట్టర్ అనే భాగస్వామితో కలిసి చిన్న వర్క్‌షాపు పెట్టాడు. ఆ భాగస్వామి నమ్మదగ్గవాడు కాదని త్వరలోనే తేలిపోయింది. వ్యాపారం మునిగిపోయే పరిస్థితి. అప్పటికి బెర్తాకి కార్ల్‌తో నిశ్చితార్థమైందే గానీ పెళ్లి కాలేదు. ఆమె తనకి రావలసిన కట్నం డబ్బు ముందుగానే ఇప్పించమని తండ్రిని అడిగి తీసుకుంది. ఆ డబ్బుతో రిట్టర్ వాటా కొనేసి కార్ల్‌ను అతని నుంచి విడిపించారు.

కట్నం తీసుకుని బాగుపడ్డ మగవాళ్ల కథలు మనం చాలా విన్నాం. ఇది అలాంటిది కాదు. తన డబ్బుని ఎక్కడ పెట్టాలో ఆమె తనే తేల్చుకుంది, పెళ్లికి ముందే! పెట్టింది ఇంకా పుట్టని ఓ యంత్రం మీద. 1872 జులై 20న పెళ్లయింది.

తర్వాతి పదేళ్లూ అప్పులే. 1877 వచ్చేసరికి వర్క్‌షాపు సామాను జప్తు దాకా వెళ్లింది. అప్పటికి ఇంట్లో యూజిన్, రిషార్డ్ అనే ఇద్దరు పిల్లలు. ఆ ఏడే పెద్ద కూతురు క్లారా పుట్టింది. నాలుగు స్ట్రోకుల ఇంజను మీద నికొలస్ ఒట్టోకి పేటెంటు ఉండటంతో కార్ల్ రెండు స్ట్రోకుల ఇంజను చేయడానికి కుస్తీ పడుతున్నాడు. అది నడిస్తే నాలుగు డబ్బులొస్తాయి, లేకపోతే వీధిన పడటమే.

1879 డిసెంబరు 31 రాత్రి భోజనాలయ్యాక బెర్తాయే ఆయన్ని లేవదీసిందట. ఇంకొక్కసారి వెళ్లి చూద్దాం పదమని వర్క్‌షాపుకి తీసుకెళ్లింది. ఆ రాత్రి ఇంజను ఆగకుండా ఆడింది. ఇద్దరూ దాని చప్పుడు వింటూ నిలబడిపోయారు. అంతలో ఊళ్లో చర్చి గంటలు మోగాయి, కొత్త సంవత్సరం! ఈ ముచ్చట కార్ల్ ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలో ఉంది.

ఆ ఇంజనుతో ఓ కంపెనీ ఏర్పడింది కానీ అందులో కార్ల్ వాటా నూటికి అయిదు. ఆయన మాట చెల్లలేదు, బయటికొచ్చేశాడు. 1883లో మాక్స్ రోజ్, ఫ్రెడరిక్ ఎస్లింగర్ అనే వ్యాపారులతో కలిసి బెంజ్ అండ్ కంపెనీ పెట్టాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు. కారఖానాల్లో వాడే ఇంజన్లు చేసి అమ్ముతూ, ఆ మిగులుతో బండి పని సాగించారు.

మూడు చక్రాల బండి

ఈ బండి సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఎందుకంటే మనం ఎక్కే ప్రతి కారుకీ ముత్తవ్వ ఇదే.

అదే రోజుల్లో, నూరు కిలోమీటర్ల దూరంలోని కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్ కూడా ఇదే ప్రయత్నంలో ఉన్నాడు. ఆయన 1886లో ఓ గుర్రబ్బండి కొని, దానికి ఇంజను బిగించాడు. కార్ల్ అలా చేయలేదు. ఇంజనూ, చట్రమూ, చక్రాలూ ఒకదానికొకటి సరిపోయేలా బండి మొత్తాన్ని కొత్తగా ఆలోచించాడు. ఉక్కు గొట్టాలతో చట్రం. సైకిలుకి ఉన్నట్టు సన్నని తీగల చక్రాలు. సీటు కింద, వెనకవైపు ఒకే సిలిండరు ఇంజను. దాని నుంచి చక్రాలకి బెల్టు, సైకిలు చైన్ల లాంటి చైన్లు. మలుపులో లోపలి చక్రం కన్నా బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కదా, దానికి వీలిచ్చే డిఫరెన్షియల్ ఏర్పాటు కూడా అప్పుడే పెట్టాడు. ఇవాళ్టి కార్లలోనూ అది ఉంది.

మన మారుతి 800 ఇంజను 796 సీసీ, బలం 35 గుర్రాల పైచిలుకు. ఈ బండి ఇంజను దానికన్నా పెద్దది, 954 సీసీ. బలం ఎంతనుకున్నారు? ముప్పావు గుర్రం! గంటకి 16 కిలోమీటర్లు పోతే గొప్ప.

మరి చక్రాలు మూడే ఎందుకు? నాలుగు చక్రాల బండిని ఎలా తిప్పాలో ఆయనకి తెగలేదు. గుర్రబ్బండికైతే ముందు ఇరుసు మొత్తం తిరుగుతుంది, గుర్రం లాక్కుపోతుంది. గుర్రమే లేనప్పుడు, ముందున్న రెండు చక్రాలూ మలుపులో చెరో కోణంలో తిరగాలి. ఆ చిక్కు విప్పలేక ముందు ఒక్క చక్రంతో సరిపెట్టాడు. ఇంజను వెనక పెద్ద ఫ్లైవీల్ ఒకటి ఉండేది. నిలువుగా పెడితే బండి తిరగనివ్వదేమోనని భయపడి దాన్ని పడుకోబెట్టాడు. ఆ భయం అనవసరమని తర్వాత తేలింది.

1886 జనవరి 29న పేటెంటు దరఖాస్తు పెట్టారు, నంబరు 37435. దాని మీద ఉన్నది కార్ల్ పేరొక్కటే. ఆ జులైలో బండి మాన్‌హైమ్ వీధిలోకొచ్చింది. పెట్రోలు అయిపోతే పొయ్యడానికి పెద్దకొడుకు యూజిన్ సీసా పట్టుకుని పక్కనే పరుగెత్తేవాడట.

జనం చూశారు, నవ్వారు, ఇళ్లకెళ్లారు. కొనడానికి మాత్రం ఎవరూ ముందుకి రాలేదు. కార్ల్ స్వభావం కూడా దానికి తోడైంది. ఇంకొంచెం సరిచేద్దాం, ఇంకొంచెం చూద్దాం అంటూ వాయిదా వేసే మనిషి. వర్క్‌షాపులో కూర్చుంటే బండికి అన్నీ లోపాలే కనిపిస్తాయి, రోడ్డెక్కితే కదా ఏది లోపమో తెలిసేది! ఇలా రెండేళ్లు గడిచిపోయాయి. బెర్తా పెట్టిన కట్నం డబ్బు, పదహారేళ్ల సంసారం, అయిదారుగురి కడుపులు... అన్నీ ఆ బండి మీదే ఉన్నాయి.

చెప్పకుండా ప్రయాణం

1888 నాటికి మూడో మోడల్ తయారైంది. మొదటిదానికన్నా కాస్త బలమైన ఇంజను, కొయ్య ఆకుల చక్రాలు. ఆగస్టులో ఓ తెల్లవారుజామున, కార్ల్ ఇంకా నిద్రలో ఉండగా, బెర్తా పదిహేనేళ్ల యూజిన్‌ని, ఇంకా పద్నాలుగు నిండని రిషార్డ్‌ని లేపింది. ముగ్గురూ కలిసి బండిని చప్పుడు కాకుండా దూరం తోసుకెళ్లి, అక్కడ స్టార్ట్ చేశారట. అమ్మమ్మగారింటికి వెళ్తున్నామని చీటీ రాసిపెట్టారని కొందరంటారు. టెలిగ్రాం అందేదాకా ఆయనకేమీ తెలియదని ఇంకొందరంటారు. ఏదైనా, ఆమె సెలవు అడగలేదన్నది మాత్రం ఖాయం. అడిగితే వద్దంటారని తెలుసు మరి!

అప్పటికి బెర్తా వయసు 39. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వాళ్లు వెళ్లిన దారిన 104 కిలోమీటర్లో, ఇంకో రెండు ఎక్కువో. దారంటే తారు రోడ్డు అనుకునేరు. గుర్రబ్బళ్లు నడిచే గతుకుల మట్టిబాటలు. దారి చూపే బోర్డులు లేవు. పెట్రోలు బంకు అన్న మాటే పుట్టలేదు.

హైడెల్‌బెర్గ్ దాటి వీస్‌లోఖ్ చేరేసరికి ఇంధనం అడుగంటింది. ఈ బండికి కావలసింది లిగ్రాయిన్ అనే ద్రవం. అప్పట్లో దాన్ని బట్టల మీద మరకలు తీయడానికి మందుల షాపుల్లో చిన్న సీసాల్లో అమ్మేవారు. బెర్తా ఊళ్లోని మందుల షాపుకి వెళ్లి, ఉన్నదంతా కావాలంది. షాపాయన విల్లీ ఓకెల్ తెల్లబోయి ఉంటాడు. ఒంటి నిండా దుమ్ముతో ఉన్న ఈవిడ గౌను మరకలకి ఎన్ని సీసాలు కావాలో అని లెక్కేసుకున్నాడేమో! ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు బంకు అదేనని ఇప్పుడు ఆ షాపు గురించి చెప్పుకుంటారు.

నీళ్లదీ అదే పాట. ఇంజను వేడిని లాక్కుని నీళ్లు ఆవిరైపోయేవి. ఇప్పటి కార్లలో అవే నీళ్లు తిరుగుతూ చల్లబడతాయి, అప్పుడా ఏర్పాటు లేదు. కనిపించిన ప్రతి బావి దగ్గరా, పూటకూళ్ల ఇంటి దగ్గరా ఆగి పోసుకోవలసిందే.

ఓచోట బండి ఆగిపోయింది. చూస్తే ఇంధనం వచ్చే సన్నని గొట్టంలో నలక అడ్డుపడింది. ఆ కాలపు ఆడవాళ్లు టోపీ జారకుండా జుట్టులోకి పొడుగాటి పిన్ను గుచ్చుకునేవారు. బెర్తా ఆ పిన్ను తీసి గొట్టాన్ని శుభ్రం చేసింది. మరోచోట నిప్పురవ్వ పుట్టించే కరెంటు తీగ రాసుకుని పైతొడుగు ఊడింది. మేజోడు జారకుండా కట్టుకునే సాగే పట్టీ తీసి దానికి చుట్టేసింది. చైను సాగి వదులైతే బ్రూక్సాల్‌లో కమ్మరి చేత బాగుచేయించింది. కార్ల గురించి రాసే మగవాళ్లు ఈ పిన్నూ పట్టీ కథల్ని సరదాగా చెప్పి వదిలేస్తారు. ఇంజను ఆగితే అది నలక వల్లో తీగ వల్లో కనిపెట్టాలంటే, దాని లోపల ఏది ఎక్కడుందో తెలిసుండాలి. ఆ సంగతి చెప్పరు.

అసలు కథ కొండ దారుల్లో ఉంది. ఎత్తు రాగానే ఇంజనుకి బలం చాలేది కాదు. పిల్లల్లో ఒకరు పట్టుకుంటే మిగతా ఇద్దరూ దిగి వెనకనుంచి తోసేవారు. మనం స్కూటరు మీద వంతెన ఎక్కేటప్పుడు కింది గేరు వేస్తామే, ఆ బండికి అలాంటి గేరు లేదు.

దిగేటప్పుడు ఇంకో ప్రమాదం. బ్రేకంటే ఏముంది, చేత్తో లివరు లాగితే కొయ్య దిమ్మలు చక్రానికి ఒరుసుకుంటాయి. అంత దూరం దిగేసరికి కొయ్య అరిగిపోయింది. ఇద్దరు పిల్లలతో వాలులో బ్రేకు లేని బండి... ఊహించుకుంటేనే గుండె జల్లుమంటుంది. బెర్తా బౌష్లాట్ అనే ఊళ్లో చెప్పులు కుట్టే అతన్ని వెతికి పట్టుకుని, ఆ కొయ్య దిమ్మల మీద తోలు ముక్కలు కొట్టించింది. తోలు చక్రాన్ని బాగా పట్టుకుంటుంది, అరిగితే తోలొక్కటే మార్చుకోవచ్చు. ఇవాళ మెకానిక్ దగ్గర బ్రేకు లైనింగు మార్పించాలి అంటున్నామే, దాని మొదలు ఇదే.

చీకటి పడే వేళకి ఫోర్జ్‌హైమ్ చేరారు. క్షేమంగా వచ్చామని కార్ల్‌కి టెలిగ్రాం ఇచ్చారు. కొద్ది రోజులు పుట్టింట్లో ఉండి, వేరే దారిన మళ్లీ అదే బండిలో మాన్‌హైమ్ తిరిగొచ్చారు.

ఇంటికొచ్చాక

తిరిగొచ్చాక బెర్తా చెప్పిన ముఖ్యమైన సంగతులు రెండు. బ్రేకులకి తోలు వెయ్యాలి. ఎత్తులు ఎక్కడానికి ఇంకో గేరు కావాలి. రెండూ కార్ల్ చేశాడు. కారు అనే వస్తువుకి వాడుకునేవాళ్ల వైపు నుంచి అందిన మొదటి మార్పులివి. ఈనాడు ప్రతి కంపెనీ కొత్త మోడల్‌ని వేల కిలోమీటర్లు తిప్పి చూశాకే అమ్ముతుంది. ఆ పనికి అప్పట్లో పేరు లేదు.

ఆ సెప్టెంబరులో మ్యూనిక్ ప్రదర్శనలో బండికి బంగారు పతకం వచ్చింది. పారిస్‌లో ఎమిల్ రోజర్ అనే వ్యాపారి అమ్మకం పనిలో దిగాడు. మొదట కొన్నది జర్మన్లకన్నా ఫ్రెంచివాళ్లే ఎక్కువ.

1893లో నాలుగు చక్రాల చిక్కు వీడింది. ముందు చక్రాలు రెండూ వేటి ఇరుసు మీద అవి తిరిగేలా కార్ల్ స్టీరింగు తయారుచేసి విక్టోరియా అనే బండి తెచ్చాడు. మరుసటేడు వెలో వచ్చింది. చిన్నది, తేలికైనది, తక్కువ ధరది. ఒకేలాంటివి వరసగా తయారుచేసి అమ్మిన మొదటి కారు ఇదే. దాదాపు 1,200 అమ్ముడుపోయాయి. 1895లో బస్సూ తెచ్చారు. అప్పటి బెంజ్ బళ్ల పేర్లు, ఆకారాలు గుర్రబ్బళ్ల నుంచే వచ్చేవి. ఎదురెదురుగా కూర్చునే సీట్లవి కొన్ని, మడిచే పైకప్పువి కొన్ని. గుర్రం పోయినా గుర్రబ్బండి రూపం అంత త్వరగా పోలేదన్నమాట. ఎత్తుగా, పొట్టిగా, పైన కూర్చుని దర్జాగా వెళ్లేట్టు ఉండేవి. 1899లో 572 బళ్లు చేసి ప్రపంచంలోకెల్లా పెద్ద కార్ల కంపెనీ అయింది బెంజ్.

అంతా కలిసొచ్చిందనుకునే వేళ 1901లో డైమ్లర్ కంపెనీ నుంచి మెర్సిడెస్ వచ్చి పడింది. విల్హెల్మ్ మైబాక్ రూపకల్పన. ఇంజను ముందుకొచ్చింది, చట్రం కిందికి దిగింది, పొడుగైంది, తేనెపట్టులాంటి రేడియేటరు వచ్చింది, బలం 35 గుర్రాలు. కారు గుర్రబ్బండిలా కాక కారులా కనిపించింది. దాని పక్కన బెంజ్ బళ్లు పాతబడిపోయాయి. అంత వేగం మంచిది కాదన్నది కార్ల్ మతం. కంపెనీ వినలేదు, ఫ్రెంచి ఇంజనీర్లని పిలిపించింది. 1903లో ఆయన అలిగి రోజువారీ పని నుంచి తప్పుకున్నాడు. ఒకప్పుడు దూరం పోదామంటే వద్దన్న మనిషే, ఇప్పుడు వేగం పోదామన్నా వద్దన్నాడు. ఈసారి తాళం తీసుకుని బయల్దేరడానికి బెర్తాకి కంపెనీలో చోటు లేదు.

కుటుంబం మాన్‌హైమ్, హైడెల్‌బెర్గ్‌ల మధ్యనున్న లాడెన్‌బుర్గ్‌కి మారింది. 1906లో తండ్రీకొడుకులు అక్కడ సొంత కంపెనీ పెట్టారు. ఆనాడు బండి తోసిన యూజిన్, రిషార్డ్‌లే దాన్ని నడిపారు. 1926లో పాత ప్రత్యర్థులు డైమ్లర్, బెంజ్ కలిసిపోయి కార్లకి మెర్సిడెస్-బెంజ్ అని పేరు పెట్టారు. మెర్సిడెస్ అంటే డైమ్లర్ కార్లు అమ్మిన ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి కూతురి పేరు. బెంజ్ అంటే బెర్తా అత్తింటి పేరు. ఆమె సొంత పేరు ఏ బండి మీదా లేదు.

1929 ఏప్రిల్ 4న కార్ల్ పోయాడు. ఆత్మకథలో ఆయన, చిన్న నావ మునిగిపోయేలా ఉన్న రోజుల్లో తన పక్కన నిలబడింది భార్యేనని రాసుకున్నాడు. ఆ తర్వాత బెర్తా పదిహేనేళ్లు అదే ఇంట్లో బతికింది. 1944 మే 3న, యుద్ధంలో మాన్‌హైమ్ బాంబులకి శిథిలమై ఉన్న రోజుల్లో, ఆమెకి 95 ఏళ్లు నిండాయి. కార్ల్ చదివిన కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయం ఆ పుట్టినరోజుకి ఆమెని గౌరవ సెనేటరుగా ప్రకటించింది. రెండు రోజుల తర్వాత, మే 5న, కన్నుమూసింది.

అమెరికాలో ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే సంస్థ కార్ల రంగంలో గొప్పవాళ్ల పేర్లు చేర్చుకుంటుంది. అక్కడ కార్ల్ పేరు 1984లో చేరింది. బెర్తా పేరు 2016లో. జర్మనీలో 2008 నుంచి ఆమె వెళ్లొచ్చిన దారికి బెర్తా బెంజ్ స్మారక మార్గమని పేరు. రానూపోనూ 194 కిలోమీటర్లు. ఇప్పుడు సాఫీ రోడ్డు, కావాలంటే ఎవరైనా పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికల్లా తిరిగి రావచ్చు. దారిలో వీస్‌లోఖ్‌లో ఆగి ఆ మందుల షాపు కూడా చూడొచ్చు.